ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్: ఇంట్లో ఎంత, బయట ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

మేము ఎలక్ట్రిక్ కారు కొన్నప్పటి నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ "మైలేజీ ఎంత?" అని మొదలుపెట్టి "కరెంటు బిల్లు ఎంతొస్తోంది?" దగ్గర ఆగుతున్నారు. అవే ప్రశ్నలు, అవే జవాబులు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి ఏది కావాలో అది మాత్రమే చదువుకోవచ్చు. కరెంటు రేట్లు 2022 ఏప్రిల్ నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో నడుస్తున్న ఇంటి స్లాబుల ప్రకారం వేశాను. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు, డ్యూటీ వీటికి అదనం.

## కారు కొనే ముందు

ఒక్క మాటలో చెప్పండి. ఇంట్లో ఛార్జ్ చేస్తే కిలోమీటర్‌కు ఎంత, బయట ఎంత?

మామూలు మధ్యతరగతి ఇంట్లో కిలోమీటర్‌కు దాదాపు రూపాయి పావు నుంచి రూపాయిన్నర. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర రెండున్నర నుంచి నాలుగు రూపాయలు. హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల పైన తోలుతూ ఖరీదైన స్టేషన్‌లో ఎక్కించుకుంటే నాలుగున్నర కూడా దాటుతుంది. అంటే బయట ఖర్చు ఇంటి ఖర్చుకు రెండు మూడు రెట్లు. కాబట్టి "ఈవీ (ఎలక్ట్రిక్ బండి) చౌకా?" అని అడిగేకంటే "నేను నూటికి ఎన్ని కిలోమీటర్లు ఇంటి కరెంటు మీద నడుపుతాను?" అని అడగాలి. మీ ఖర్చు దాన్ని బట్టే తేలుతుంది.

షోరూంలో కిలోమీటర్‌కు రూపాయి లోపే అన్నారు. నిజమేనా?

వాళ్ళు సాధారణంగా రెండు సంఖ్యలు తీసుకుంటారు: సర్టిఫికెట్ మీద ఉన్న రేంజి (ఒకసారి నింపితే వెళ్ళే దూరం), కరెంటు యూనిట్ ఐదారు రూపాయలు. ఈ రెండూ మనకు దొరికేవి కావు. టెస్టులో వచ్చిన రేంజిలో మన రోడ్ల మీద, ఏసీ వేసుకుని, నాలుగింట మూడు వంతుల దాకా వస్తే సంతోషించాలి. ఇక యూనిట్ రేటు. కారుకు వెళ్ళే యూనిట్లు మీ ఇంటి బిల్లులో మొదటి స్లాబులో పడవు. ఫ్యాన్లు, ఫ్రిజ్, గీజర్ అన్నీ కింది స్లాబులను తినేశాక, పైన మిగిలిన ఖరీదైన స్లాబులో కూర్చుంటాయి. అందుకే కారు కరెంటు ఖర్చు వేసేటప్పుడు బిల్లులో చివరి స్లాబు రేటు చూడాలి, సగటు రేటు కాదు. రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఇళ్ళకు అది ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర రూపాయల మధ్య ఉంటుంది. అప్పుడు కూడా ఇంటి ఛార్జింగే చౌక, కానీ రూపాయి లోపు మాత్రం కాదు.

ఒక యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వస్తాయి?

నగరంలో మోస్తరు సైజు కారుకు 7 నుంచి 8. హైవేలో గంటకు 80, 90తో వెళ్తే 6 నుంచి 6.5. వంద దాటితే 5.5కి పడిపోతుంది. పెట్రోల్ బండికి అలవాటు పడ్డవాళ్ళకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. హైవేలో మైలేజీ పెరగాలి కదా అంటారు. ఇక్కడ ట్రాఫిక్‌లో బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. హైవేలో ఆ లాభం ఉండదు, గాలిని చీల్చుకుంటూ పోవడానికే శక్తంతా పోతుంది.

ఇంటి దగ్గర ఛార్జింగ్‌కు వీల్లేదు. బయట ఛార్జింగ్ మీదే బండి నడపొచ్చా?

నడపొచ్చు. డబ్బు కూడా పెట్రోల్ కంటే తక్కువే. నెలకు 1,000 కిలోమీటర్లు, యూనిట్‌కు 7 కిలోమీటర్లు అనుకుంటే 143 యూనిట్లు కావాలి. యూనిట్ 18 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 21.24. మొత్తం సుమారు 3,040 రూపాయలు. అదే దూరం లీటర్‌కు 15 ఇచ్చే పెట్రోల్ కారుకు, లీటర్ 107 రూపాయల లెక్కన, 7,100 దాటుతుంది.

కానీ నా సలహా అడిగితే, ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఒక్క ప్లగ్ పాయింట్ కూడా లేనివాళ్ళు తొందరపడకండి. వారానికి రెండుసార్లు స్టేషన్‌కు వెళ్ళి ముప్పావు గంట కూర్చోవడం మొదటి నెల సరదాగా ఉంటుంది, ఆరో నెలకు విసుగొస్తుంది. ఆ టైమ్‌కు ఎవరూ బిల్లు వేయరు కాబట్టి లెక్కలో కనిపించదు.

నేను నెలకు 400 కిలోమీటర్లే తిరుగుతాను. ఈ తేడాలు పట్టించుకోవాలా?

పెద్దగా అక్కర్లేదు. 400 కిలోమీటర్లకు ఇంట్లో దాదాపు 550 రూపాయలు, బయట 1,200 రూపాయలు. నెలకు ఆరేడు వందల తేడా. దాని కోసం 40 వేలు పెట్టి గోడ ఛార్జర్ బిగించుకోవడం దండగ. అసలు అంత తక్కువ తిరిగేవాళ్ళకు ఎలక్ట్రిక్ కారు మీద పెట్టిన అదనపు ధర ఎప్పటికి తిరిగొస్తుందో ముందు చూసుకోండి.

## ఇంట్లో పాయింట్ పెట్టించేటప్పుడు

15 ఆంప్స్ సాకెట్ సరిపోతుందా? వాల్ బాక్స్ (గోడకు బిగించే ఛార్జర్) పెట్టించాలా?

రోజుకు యాభై అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు 15 ఆంప్స్ సాకెట్ చాలు. కారుతో వచ్చే పోర్టబుల్ ఛార్జర్ గంటకు మూడు యూనిట్ల దాకా ఎక్కిస్తుంది. రాత్రి పదికి పెట్టి పొద్దున్నే ఆరుకు తీస్తే ఇరవై యూనిట్ల పైనే వస్తాయి. అది 150 కిలోమీటర్లు. 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ అయితే 38 యూనిట్ల బ్యాటరీ ఆరు గంటల్లో నిండుతుంది, కరెంటు వృథా కూడా కాస్త తక్కువ. కారుతో ఉచితంగా ఇస్తే తీసుకోండి. సొంత డబ్బుతో కొనాలంటే రోజూ వంద కిలోమీటర్లు దాటేవాళ్ళకే అవసరం.

సాకెట్ చాలు అన్నాను కదా అని గీజర్ సాకెట్‌కు తగిలించకండి. గీజర్ పదిహేను నిమిషాలు నడిచి ఆగుతుంది. కారు ఏకబిగిన ఎనిమిది గంటలు 14 ఆంప్స్ లాగుతుంది. మా ఇంట్లో మొదటి నెలలోనే ప్లగ్ టాప్ గోధుమరంగుకు తిరిగి వాసనొచ్చింది. తప్పు నాదే, పాత సాకెట్‌తో సరిపెట్టుకున్నాను. మీటర్ బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి వేరే ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేది), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), మంచి ఎర్తింగ్, మంచి కంపెనీ ఇండస్ట్రియల్ సాకెట్ ఉండాలి. జంక్షన్ బాక్స్ వేసి కిటికీలోంచి లాగడం అసలు వద్దు. పార్కింగ్ ఎంత దూరముందో దాన్నిబట్టి ఈ పనికి ఐదు వేల నుంచి పదిహేను వేల దాకా అవుతుంది.

వైరింగ్‌కు పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది?

నెలకు 1,000 కిలోమీటర్లు నడిపేవాళ్ళకు ఇంట్లో ఛార్జ్ చేస్తే (వృథా కూడా కలిపి యూనిట్ దాదాపు 10 రూపాయల లెక్కన) దాదాపు 1,430, బయట దాదాపు 3,040. నెలకు 1,600 మిగులు. వైరింగ్‌కు 15 వేలు పెట్టినా పది నెలల్లోపే వచ్చేస్తుంది.

మా ఇంటి లోడ్ 3 కిలోవాట్లే. కారు పెడితే ఏమైనా అంటారా?

కారు పోర్టబుల్ ఛార్జర్ ఒక్కటే 3 కిలోవాట్ల పైన లాగుతుంది. దానికి ఏసీ, నీళ్ళ మోటర్ తోడైతే మంజూరైన లోడ్ దాటిపోతుంది. ఇప్పటి మీటర్లలో గరిష్ఠ లోడ్ నమోదవుతుంది కాబట్టి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ళు నోటీసు ఇచ్చి అదనపు లోడ్‌కు డబ్బు కట్టించుకుంటారు. ముందే మీ సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పెంచుకోవడం మేలు. మామూలు సాకెట్‌కు 5 కిలోవాట్లు, 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్‌కు మూడు ఫేజుల కనెక్షన్, పది కిలోవాట్ల దాకా లోడ్ ఉంటే టెన్షన్ ఉండదు. డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ కిలోవాట్ లెక్కన ఒక్కసారే కడతారు, కానీ ఫిక్స్‌డ్ ఛార్జీ నెలనెలా కాస్త పెరుగుతుంది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పాయింట్ అడిగితే అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఎక్కువ చోట్ల గొడవ ఒకటే: కామన్ మీటర్ నుంచి లాగితే మా డబ్బుతో మీ కారు తిరుగుతుంది అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కాబట్టి కామన్ మీటర్ అడగకండి. మీటర్లన్నీ సెల్లార్‌లోనే ఒక గదిలో ఉంటాయి. అక్కడ మీ ఫ్లాట్ మీటర్ దగ్గర నుంచే పైపులో వైరు వేసి మీ పార్కింగ్ దాకా తెచ్చుకుంటానని రాతపూర్వకంగా ఇవ్వండి. ఖర్చు మీది, బిల్లు మీది. కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా యజమాని తనకున్న కనెక్షన్ నుంచే కారు ఛార్జ్ చేసుకోవచ్చని చెబుతున్నాయి. దాని ప్రతి ఒకటి జతచేయండి. మిగిలేది మంటల భయం. దానికి ఎంసీబీ, ఎర్తింగ్ ఉన్నాయని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత కాగితం రాయించి ఇవ్వండి. చాలామంది అక్కడ మెత్తబడతారు.

కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఓనర్ యూనిట్‌కు 12 రూపాయలు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

మీ పోర్షన్‌కు వేరే మీటర్ ఉంటే ఓనర్‌కు ఇవ్వాల్సిన పనే లేదు, వైరింగ్‌కు ఒప్పిస్తే చాలు. ఓనర్ మీటర్ మీదే అయితే 12 ఎక్కువే కానీ అన్యాయం కాదు. మీ కారు వల్ల ఆయన బిల్లు తొమ్మిదిన్నర రూపాయల స్లాబుకు పోవచ్చు. ఐదారు వందలకు దొరికే చిన్న సబ్‌మీటర్ పెట్టించి, పది రూపాయలకు బేరమాడండి. ఎలా చూసినా బయట 21 ఇచ్చేకంటే నయం. రీడింగ్ ప్రతి నెలా ఇద్దరూ చూసి ఫోటో తీసుకోండి.

కారుకు వేరే ఈవీ మీటర్ తీసుకుంటే చౌకగా పడుతుందా?

ఎక్కువ తిరిగేవాళ్ళకు పడుతుంది. ఈవీ కేటగిరీలో యూనిట్ రేటు తెలంగాణలో 6 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6.70. ఇందులో స్లాబులు ఉండవు, ఎంత వాడినా అదే రేటు. ఉదాహరణకు హైదరాబాద్‌లో ఇంటికి 350 యూనిట్లు వాడుతూ, కారుకు నెలకు 240 యూనిట్లు పట్టే ఇంట్లో ఒకే మీటర్ మీద కారు భాగం 2,255 రూపాయలు. అదే వేరే మీటర్ మీద 1,440. ఇందులోంచి కొత్త మీటర్ ఫిక్స్‌డ్ ఛార్జీలు తీసేయాలి, కనెక్షన్ ఖర్చు చూసుకోవాలి. నెలకు 150 యూనిట్ల లోపు వాడే కారుకు ఈ శ్రమ అనవసరం.

## మొదటి కరెంటు బిల్లు వచ్చాక

ఇంటికి 180 యూనిట్లే వాడేవాళ్ళం. కారు వచ్చాక బిల్లు మూడింతలైంది. మీటర్‌లో తప్పుందా?

నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇదే. మీటర్‌లో తప్పు లేదు. తెలంగాణ స్లాబుల తీరు అలాంటిది.

180 యూనిట్లకు మొదటి వంద 3.40 చొప్పున 340, మిగతా ఎనభై 4.80 చొప్పున 384. మొత్తం 724 రూపాయలు. ఇప్పుడు కారుకు 160 యూనిట్లు కలిశాయి. మొత్తం 340. 200 దాటగానే మీ ఇల్లు వేరే వర్గంలోకి పోతుంది. అక్కడ మొదటి యూనిట్ నుంచి 200 దాకా 5.10, ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50. అంటే 1,020, 770, 360 కలిపి 2,150 రూపాయలు.

పెరిగింది 1,426. దాన్ని 160తో భాగిస్తే కారు యూనిట్ 8.91 రూపాయలకు పడింది. మీరు 4.80 అనుకున్నారు, అక్కడే దెబ్బ. ఈ పెరుగుదలలో సరిగ్గా 200 రూపాయలు ఆ గీత దాటినందుకే: 200 యూనిట్ల బిల్లు 820 అయితే, గీత దాటాక అవే 200 యూనిట్లకు 1,020. గీతను ఒక్క యూనిట్ దాటినా ఆ 200 పడాల్సిందే.

ఇప్పటికే 350 యూనిట్లు వాడే ఇల్లయితే 2,240 నుంచి 3,735కి పెరుగుతుంది. అక్కడ కారు యూనిట్ 9.34. ఇంత అయినా కిలోమీటర్‌కు రూపాయిన్నరే అని గుర్తుంచుకుంటే బిల్లు చూసి గుండె జారదు. పెట్రోల్ డబ్బు వారం వారం కొద్దికొద్దిగా పోయేది, ఇది నెలకోసారి ఒకే కాగితం మీద కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ లెక్క వేరా?

కొంచెం వేరు. అక్కడ ఎన్ని యూనిట్లు వాడినా కింది స్లాబుల రేట్లు అలాగే ఉంటాయి, 200 గీత దాటితే పడే దెబ్బ లేదు. 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. విజయవాడలో 180 యూనిట్ల ఇంటికి 747 రూపాయలు వచ్చేది, కారు 160 యూనిట్లు కలిస్తే 2,023 అవుతుంది. కారు యూనిట్ 7.98. అదే 350 యూనిట్లు వాడే ఇంట్లో 9.44 పడుతుంది. ఎండాకాలం ఏసీలు నడిచే నెలల్లో విజయవాడ, గుంటూరు ఇళ్ళు చాలావరకు ఈ రెండో లెక్కలోకే వస్తాయి.

గృహజ్యోతి పథకం ఉంది. కారు ఛార్జ్ చేస్తే పోతుందా?

తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలవుతున్న ఈ పథకంలో అర్హులకు 200 యూనిట్ల లోపు వాడితేనే సున్నా బిల్లు. దాటిన నెలలో దాటినంతవరకు మాత్రమే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. కారు ఛార్జింగ్‌తో 200 లోపు ఉండటం దాదాపు అసాధ్యం. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే నెలకు ముప్పై నలభై యూనిట్లే కాబట్టి చూసుకుని వాడొచ్చు.

రాత్రి పదకొండు తర్వాత పెడితే తక్కువ పడుతుందంటున్నారు. నిజమా?

మామూలు ఇంటి మీటర్‌కు పగలు రాత్రి ఒకే రేటు. అది మొత్తం యూనిట్లు లెక్కపెడుతుంది, వేళను కాదు. రాత్రి పెట్టడంలో ఇతర లాభాలున్నాయి: వోల్టేజి నిలకడగా ఉంటుంది, ఇంట్లో లోడ్ తక్కువ, బ్యాటరీ చల్లగా ఉంటుంది. డబ్బు లాభం మాత్రం లేదు.

కారు స్క్రీన్ మీద 30 యూనిట్లు ఎక్కాయని చూపించింది. మీటర్‌లో 34 తిరిగింది. నాలుగు యూనిట్లు ఎక్కడికి పోయాయి?

వేడిగా పోయాయి. ఇంటికి వచ్చేది ఏసీ కరెంటు (దిశ మారుతూ ఉండేది), బ్యాటరీకి కావాల్సింది డీసీ (ఒకే దిశలో పారేది). ఆ మార్పు కారులోనే ఉన్న ఛార్జర్ చేస్తుంది. అక్కడ, తీగల్లో, బ్యాటరీ చల్లబరిచే పంపుల్లో కలిపి పది నుంచి పదిహేను శాతం ఖర్చవుతుంది. బయట డీసీ ఛార్జర్ దగ్గర ఆ మార్పు స్టేషన్ పెట్టెలోనే జరుగుతుంది, కాబట్టి ఆ నష్టం స్టేషన్ వాళ్ళ ఖాతాలో ఉంటుంది. మీకు గన్ (కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్) నుంచి వెళ్ళిన యూనిట్లకే బిల్లు. ఇల్లు, బయట పోల్చేటప్పుడు ఇంటి రేటును 1.12తో గుణించి చూస్తే సరిగ్గా తేలుతుంది. ఇంట్లో 8.90 అంటే బ్యాటరీలోకి చేరే యూనిట్ దాదాపు 10 రూపాయలు.

పైకప్పు మీద సోలార్ పెట్టిస్తే కారు ఉచితంగా తిరిగినట్టే కదా?

ఉచితం కాదు, ముందే డబ్బు కట్టేసినట్టు. మన దగ్గర ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, నెలకు 120 ఇస్తుంది. నెలకు 160 యూనిట్లు తాగే కారుకు కిలోవాట్‌న్నర చాలు. పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. నెట్ మీటరింగ్ ఉంటే పగలు ఎగుమతి చేసిన యూనిట్లు రాత్రి కారు వాడిన యూనిట్లకు జమ అవుతాయి. సోలార్ మొదట కోసేది మీ బిల్లులోని చివరి స్లాబునే కాబట్టి, తొమ్మిది రూపాయల యూనిట్ ఆదా అవుతుంది. కారున్న ఇంటికి సోలార్ పెట్టుబడి మామూలు ఇంటికంటే త్వరగా తిరిగి రావడానికి కారణం ఇదే.

## బయట స్టేషన్లలో

ఛార్జింగ్ స్టేషన్లకు ప్రభుత్వం ఆరు రూపాయలకే కరెంటు ఇస్తుందట. మన దగ్గర ఇరవై ఎందుకు తీసుకుంటున్నారు?

స్టేషన్‌కు కరెంటు ఒక్కటే ఖర్చు కాదు. 60 కిలోవాట్ల డీసీ ఛార్జర్‌కు లక్షల్లో అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేయాలి, స్థలానికి కిరాయి, నెట్‌వర్క్, మరమ్మతులు. ఇవన్నీ రోజుకు నాలుగైదు కార్లు వచ్చే చోట ఆ నాలుగైదు కార్ల మీదే పడతాయి. పైగా 2018లోనే కేంద్రం ఛార్జింగ్‌ను కరెంటు అమ్మకంగా కాక సేవగా చూడాలని తేల్చింది. దానివల్ల లైసెన్సు లేకుండా ఎవరైనా స్టేషన్ పెట్టగలుగుతున్నారు. రేటు కూడా చాలావరకు వాళ్ళే నిర్ణయించుకుంటున్నారు. నా మటుకు నాకు ఇరవై ఎక్కువే అనిపిస్తుంది. అలాగని ఆరు రూపాయలకు ఎవరూ నడపలేరు.

యాప్‌లో యూనిట్ 18 అని ఉంది. వాలెట్‌లో 21 పైన కట్ అయింది. ఎందుకు?

18 శాతం జీఎస్టీ. కారు మీద, ఛార్జర్ పెట్టె మీద 5 శాతమే అయినా, ఛార్జింగ్ సేవ మీద 18. ఇంటి కరెంటు మీద జీఎస్టీ లేదు. కొన్ని యాప్‌లు పన్ను కలిపి చూపిస్తాయి, కొన్ని కలపవు. రెండు స్టేషన్లు పోల్చేముందు ఆ ఒక్క గీత చదవండి: పన్ను లేకుండా 18 కంటే పన్నుతో కలిపి 20 చౌక.

స్లో ఛార్జర్, ఫాస్ట్ ఛార్జర్ మధ్య రేటు తేడా ఉంటుందా?

ఉంటుంది. ఏసీ స్లో ఛార్జర్లు సాధారణంగా యూనిట్‌కు పది నుంచి పదిహేను మధ్య, డీసీ ఫాస్ట్ ఛార్జర్లు పదహారు నుంచి పాతిక దాకా. సినిమాకో ఆసుపత్రికో వెళ్ళి మూడు గంటలు బండి నిలిపేచోట స్లో ఛార్జరే మేలు. ఒకటే జాగ్రత్త, కొన్నిచోట్ల పార్కింగ్ రుసుము వేరే ఉంటుంది. పది యూనిట్లు ఎక్కించుకుని వంద రూపాయల పార్కింగ్ కడితే యూనిట్ మీద మరో పది వేసుకోవాలి.

80 శాతం దాటాక ఆపేయమంటారు. అది డబ్బుకా, బ్యాటరీకా?

ముఖ్యంగా టైముకు. 80 దాటాక కారే వేగం తగ్గించేస్తుంది. 20 నుంచి 80కి పట్టినంత టైము దాదాపుగా చివరి ఇరవైకే పట్టొచ్చు. యూనిట్ లెక్కన బిల్లు అయితే డబ్బులో తేడా రాదు. నిమిషాల లెక్కన తీసుకునే చోట, లేదా నిండాక గన్ తీయకపోతే రుసుము వేసే చోట మాత్రం జేబుకు చిల్లే.

డబ్బు కట్ అయింది, ఛార్జ్ ఎక్కలేదు. తిరిగొస్తుందా?

వస్తుంది, కానీ వెంటపడాలి. ఒకసారి హైవే పక్కన ఒక స్టేషన్‌లో నాకు 400 రూపాయలు పట్టి ఉంచి, నాలుగు యూనిట్లకే ఆగిపోయింది. మిగతాది వాలెట్‌కు రావడానికి తొమ్మిది రోజులు, రెండు ఫోన్లు పట్టాయి. అప్పటి నుంచి ఛార్జర్ తెర మీది సెషన్ నంబర్, యూనిట్లు ఫోటో తీసి పెట్టుకుంటున్నాను. ఇంకోటి, ప్రతి యాప్ వాలెట్‌లో వందో రెండొందలో మిగిలిపోతాయి. ఆరు యాప్‌లుంటే వెయ్యి రూపాయలు ఊరికే కూర్చుంటాయి. యూపీఐ క్యూఆర్‌తో నేరుగా కట్టించుకునే స్టేషన్ దొరికితే దానికే వెళ్ళండి.

ఒకే స్టేషన్‌లో పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు ఎందుకు?

పగలు సోలార్ కరెంటు పుష్కలంగా ఉంటుంది. 2024 కేంద్ర మార్గదర్శకాలు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా స్టేషన్లకు తక్కువ రేటుకు, మిగతా వేళల్లో ఎక్కువ రేటుకు కరెంటు ఇవ్వమని సూచించాయి. కొందరు ఆపరేటర్లు వేళను బట్టి రేటు మారుస్తున్నది అందుకే. మధ్యాహ్నం భోజనాల వేళ ఛార్జ్ పెట్టుకోవడం అలవాటు చేసుకుంటే కలిసొస్తుంది.

## దూర ప్రయాణాల్లో

హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎంతవుతుంది?

దూరం 275 కిలోమీటర్లు. గంటకు 90తో వెళ్తే యూనిట్‌కు 6 చొప్పున 46 యూనిట్లు. 38 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారును ఇంట్లో నింపుకుని బయల్దేరితే, మీటర్‌లో 43 యూనిట్లు, సుమారు 385 రూపాయలు. సూర్యాపేట వచ్చేసరికి సగం పైన ఖాళీ అవుతుంది. అక్కడ ఎలాగూ టిఫిన్‌కు ఆగుతాం. ఆ అరగంటలో 15 యూనిట్లు ఎక్కిస్తే పన్నుతో 320. మొత్తం దాదాపు 700 రూపాయలు, విజయవాడ చేరేసరికి బ్యాటరీలో ఇంకా ఐదో వంతు ఉంటుంది. లీటర్‌కు 18 ఇచ్చే పెట్రోల్ కారుకు 1,630 పైన. టోల్ ఎవరికైనా ఒకటే.

అదే దారిలో 110తో తోలి, అంతా పన్నుతో కలిపి పాతిక రూపాయలయ్యే స్టేషన్లలోనే ఎక్కించుకుంటే కిలోమీటర్‌కు నాలుగు రూపాయల ముప్పావు దాకా వస్తుంది. మంచి డీజిల్ కారు ఖర్చూ అంతే. తిరుపతికో విశాఖకో వెళ్ళేవాళ్ళు ఈ రెండో లెక్కే వేసుకుని బయల్దేరాలి, మొదటిది కాదు.

చుట్టాలింటికి వెళ్ళి ఛార్జ్ పెడితే వాళ్ళకు ఎంతివ్వాలి?

ఒక రాత్రికి పాతిక యూనిట్లు. వాళ్ళ చివరి స్లాబు లెక్కన రెండొందల పాతిక రూపాయలు. డబ్బిస్తే నొచ్చుకుంటారు, ఇవ్వకపోతే మనకు బాగుండదు. మేము ఆ విలువకు పళ్ళో స్వీట్లో పట్టుకెళ్తున్నాం. వారం రోజులుండి రోజూ పెట్టేట్టయితే మాత్రం వాళ్ళ బిల్లు వెయ్యిన్నర పెరుగుతుంది, అది మాట్లాడుకోవాల్సిందే. ఊళ్ళో పాత ఇళ్ళలో ఎర్తింగ్ ఉండదు, చాలా కార్లు ఎర్తింగ్ లేకపోతే ఛార్జ్ తీసుకోవు. తెలంగాణలో చుట్టాలకు గృహజ్యోతి ఉంటే వాళ్ళ సాకెట్ ముట్టుకోకండి.

సంక్రాంతికి వెళ్ళాలంటే?

ముందురోజు రాత్రి హైవే స్టేషన్ల దగ్గర వరస ఉంటుంది. చౌక స్టేషన్ కోసం ఒకటిన్నర గంట ఆగి ఎనభై రూపాయలు మిగుల్చుకోవడం కంటే ఖాళీగా ఉన్నదాంట్లో పెట్టుకోవడమే తెలివి.

## ఏడాది గడిచాక

రోజూ ఫాస్ట్ ఛార్జింగ్ చేస్తే బ్యాటరీ పాడై, చివరికి అదే ఖర్చవుతుందా?

వేడి బ్యాటరీకి శత్రువు, ఫాస్ట్ ఛార్జింగ్ వేడి పుట్టిస్తుంది. అప్పుడప్పుడు చేస్తే ఏమీ కాదు. రోజూ చేసేవాళ్ళకు, ముఖ్యంగా మే నెల మిట్టమధ్యాహ్నం, అరుగుదల కాస్త త్వరగా ఉంటుంది. వారంటీ కాగితంలో ఫాస్ట్ ఛార్జింగ్ గురించి షరతు ఉందేమో ఒకసారి చదవండి.

మా కారు అసలు ఖర్చు ఎంతో ఎలా తెలుసుకోవాలి?

కరెంటు బిల్లు తీసే రోజు కారు ఓడోమీటర్ రీడింగ్ ఆ బిల్లు వెనకే రాయండి. కారు లేని పోయినేడాది అదే నెల బిల్లు పక్కన పెట్టి తేడా తీయండి. ఆ నెల యాప్‌లలో పోయిన డబ్బు దానికి కలపండి. వచ్చిన మొత్తాన్ని ఆ నెల తిరిగిన కిలోమీటర్లతో భాగించండి. ఎనభై శాతం ఇంట్లో, ఇరవై శాతం బయట ఛార్జ్ చేసే ఇంట్లో, నెలకు వెయ్యి కిలోమీటర్లకు సుమారు 1,750 రూపాయలు, అంటే కిలోమీటర్‌కు 1.75 దగ్గర తేలాలి. మీకు రెండున్నర దాటుతుంటే బయట ఛార్జింగ్ మీరనుకున్న దానికంటే ఎక్కువైనట్టు. మా ఇంట్లో అలా చూస్తే తేలింది, మావాడు కాలేజీ పక్క స్టేషన్‌లో రోజూ పది యూనిట్లు ఎక్కిస్తున్నాడని. అక్కడ కాఫీ బాగుంటుందట.